మూడు చలికాలాలు

అబుదాబి పక్కన ముసఫ్ఫాలో మార్బుల్ కోసే షెడ్లు బోలెడున్నాయి గానీ, అతుకు కనబడకుండా రాయి అతికేవాడెవడని అడిగితే అందరూ ఆశన్న పేరే చెబుతారు. ఎవరూ చెప్పకపోతే ఆశన్నే చెప్పుకుంటాడు. మనిషి మంచివాడు. జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇరవై రెండేళ్లయినా ఒకరి జోలికి పోయి ఎరగడు. కాకపోతే పొగడ్తంటే చెవి కోసుకుంటాడు. పాపం, ఆయన తప్పేముంది? ఈ దేశంలో యల్లా యల్లా అని తరిమేవాళ్లే తప్ప, బాగా చేశావయ్యా అన్నవాడు ఒక్కడు లేడు. ఆ ఆకలి ఎంత పని చేయించిందో వినండి.

కరోనా గొడవ సద్దుమణిగిన రెండో ఏడు, నవంబరులో ఒక పొద్దున నిఖిత అనే అమ్మాయి షెడ్డుకొచ్చింది. కాకినాడ పిల్ల. అబుదాబిలో ఒక యూనివర్సిటీలో సముద్రం మీద పరిశోధన చేస్తోంది. అక్కడి రంపం చెడిపోయిందట. కారు వెనక సీట్లో, తువ్వాళ్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు ఒక తెల్లటి బండరాయిని తెచ్చింది.

"ఏంది మేడం గిది, ఉప్పుగడ్డ లెక్కున్నది?" అన్నాడు ఆశన్న హిందీలో మొదలుపెట్టి, ఆమె ఫోనులో తెలుగు మాట్లాడటం విని తెలుగులోకి దిగిపోయి.

"పగడపు రాయండి. ఆరు వేల ఏళ్ల కిందట సముద్రంలో పెరిగింది. ఇప్పుడక్కడ నేలే. కాలువ తవ్వుతుంటే బయటపడింది."

కరక్ చాయ్ వచ్చేలోపల మేడం కాస్తా బిడ్డ అయింది, ఆశన్న బాబాయ్ అయ్యాడు. పరాయి దేశంలో తెలుగు మాట చెవినపడితే చుట్టరికం కలుపుకోవడానికి అంతకన్నా ఎక్కువసేపు పట్టదు.

నిఖిత బండ మీద వేలు పెట్టి చూపించింది. "నడుమ ఈ చారొక్కటే గట్టిగా ఉంది బాబాయ్. మిగతాదంతా ఉప్పు తినేసి గుల్లైపోయింది, రంపం తగిలితే పొడైపోద్ది. ఈ చారని వేలి మందాన పలకలా కోసిస్తే చాలు. ఒక్కటే మాట. నిలబెట్టి ఎత్తకండి. పళ్లెంలో పడుకోబెట్టి తియ్యండి. విరిగిందంటే మళ్లీ ఇంకోటి దొరకదు."

ఆశన్న నవ్వాడు. "రాయినెట్ల ఎత్తాల్నో నాకు నేర్పుతున్నవా బిడ్డా? పో, పోయి నీ పని జూస్కొని పగటీలి రా."

నిఖిత వెళ్లింది. కోత అద్భుతంగా కుదిరింది. బండలో మిగతాదంతా ఆ పిల్ల చెప్పినట్టే పొడి పొడిగా రాలిపోయింది గానీ, మూరెడు పొడుగు పలక చెక్కు చెదరకుండా నిలిచింది. అప్పుడు ఆశన్న దాన్ని ఎత్తాడు. మార్బుల్ పలకను పడుకోబెట్టి ఎత్తితే తన బరువుకు తానే నడుం విరుచుకుంటుంది. అందుకే అంచు మీద నిలబెట్టి ఎత్తాలి. ఈ పనిలో చేరినవాడికి మొదటిరోజు నేర్పేది అదే. ఇరవై రెండేళ్లుగా ఆ చేతులు చేస్తున్నది అదే. నిఖిత చెప్పింది చెవుల్లో ఉంది గానీ చేతుల దాకా పోలేదు. పలకను నిలబెట్టాడు, ఎత్తాడు. టప్పుమని మూడుసార్లు వినబడింది. నాలుగు ముక్కలు.

నిఖిత నంబరు జేబులోనే ఉంది. ఒక్క ఫోను, అంతే. తప్పయింది బిడ్డా అని ఒక్క మాట అంటే పోయేది. ఆ మాట అనడానికి ఆశన్నకు నోరు రాలేదు. రాయినెట్ల ఎత్తాల్నో నాకు నేర్పుతున్నవా అని విర్రవీగి గంట కాలేదు మరి!

తనకొచ్చిన విద్యే చేశాడు. గరుకుగా విరిగిన అంచులు కలిస్తే అతుకు కనబడుతుంది కాబట్టి, మార్బుల్ పనివాడు ముందు రెండు అంచులనూ నున్నగా అరగదీస్తాడు. తర్వాత అదే రాతి పొడిని జిగురులో కలిపి అతికి, ఆరాక పైన రుద్దుతాడు. ఆశన్న మూడు అతుకులూ అలాగే వేశాడు. అరగదీసిన తెల్లటి నీళ్లు కాలువలోకి పోయాయి. పని ముగిశాక తనే వంగి వెతికాడు, అతుకులు ఎక్కడున్నాయో తనకే కనబడలేదు.

మధ్యాహ్నం నిఖిత వచ్చి పలకను పళ్లెంలో చూసి నిలబడిపోయింది. "అబ్బ! మా ల్యాబులో కూడా ఇంత బాగా కొయ్యలేరు బాబాయ్. మీ చేతులు బంగారం."

అప్పుడైనా చెప్పొద్దా? చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా నవ్వి, పళ్లేన్ని కారు దాకా మోసుకెళ్లి పెట్టి వచ్చాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఆ తర్వాత ఎవరు తన అతుకులను మెచ్చుకున్నా, అంతకుముందులా ఛాతీ విరుచుకోలేకపోయాడు.

ఏప్రిల్‌లో నిఖిత కాజాల డబ్బాతో వచ్చింది. ఎండకు ముఖం కందిపోయినా కళ్లు వెలిగిపోతున్నాయి. ఆశన్న పక్కనే బల్ల మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

"ఈ పగడం ఏడాదికి ఇంచుమించు సెంటీమీటరు పెరుగుద్ది బాబాయ్. చెట్టుకి వలయాలున్నట్టే దీనికి ఏడాదికో పొర. మిల్లీమీటరుకోసారి పొడి గోకి పరీక్ష చేస్తాం. నీళ్లు చల్లబడితే ఆ పొడిలో స్ట్రాన్షియం పెరుగుద్ది, వేడెక్కితే తగ్గుద్ది. దాన్నిబట్టి ఆరు వేల ఏళ్ల కిందట ఈ సముద్రం ఏ కాలంలో ఎంత వేడిగా ఉండేదో చెప్పెయ్యొచ్చు."

"గిదంత ఆ పలకలున్నదా?"

"నలభై ఏళ్లున్నాయి. వింత చెప్పనా? అందులో మూడేళ్లు చలికాలమే రాలేదు! ఎండాకాలం తగ్గుముఖం పట్టిందో లేదో, మళ్లీ వేడే. ఇదిగో ఇక్కడ, ఇక్కడ, ఇక్కడ."

ఫోనులో పలక బొమ్మ మీద ఆమె వేలు మూడుచోట్ల ఆగింది. ఆ చోట్లు ఆశన్నకు బొమ్మ చూడకుండానే తెలుసు. కాజా నోట్లోనే ఉండిపోయింది.

దాన్ని మింగి, "సలికాలంల పెరిగిన పొర జెర గుల్లగుంటదా బిడ్డా?" అని అడిగాడు.

"అవును! మీకెలా తెలుసు?" నిఖిత కళ్లు ఇంతంత చేసుకుంది. "అందుకే బాబాయ్ మీరంటే నాకు గౌరవం. పుస్తకాల్లో చదివితే గానీ మాకు తెలియనిది మీకు చేత్తో ముట్టుకుంటే తెలిసిపోద్ది."

తల కొట్టేసినట్టయింది ఆశన్నకు. విరిగితే గుల్లగా ఉన్నచోటే కదా విరుగుతుంది. మూడుసార్లూ చలికాలం దగ్గరే విరిగింది. విరిగిన అంచులను నున్నగా చేసి, ఆ మూడు చలికాలాలనూ కాలువలో పోసింది తన చేతులే.

నిఖిత ఇంకా చెబుతూనే ఉంది. ఆమె ప్రొఫెసర్ అనమ్ గారు మొదట నమ్మలేదట. ఆ మూడు చోట్లా ఒకటి రెండు పొడులు తేడాగా వస్తే, మిషన్ తప్పనుకుని పక్కన పడేశారట. మూడుచోట్లా ఒకే తీరు కనబడేసరికి ఆవిడా నమ్మిందట. "శనివారం యూనివర్సిటీలో అందరి ముందూ చెబుతున్నాను. సోమవారం పత్రికకి పంపించేస్తాం. మీరు తప్పకుండా రావాలి. పలక కోసింది మీరని పేరు కూడా వేశాను."

సాయంత్రం కంపెనీ బస్సులో ఆశన్న ఈ సంగతి దయాకర్ చెవిన వేశాడు. ఇద్దరిదీ ఒకే మండలం, క్యాంపులో ఒకే గది. దయాకర్ అంతా విని చెయ్యి ఊపేశాడు.

"సప్పుడు జెయ్యకు అన్నా. ఆరు వేల ఏండ్ల కిందటి సలికాలం యాడ పాయెనని అడగనీకి ఎవడస్తడు? మాఫీ ముష్కిల్, ఏం గాదు. ఖలాస్."

నిజమే, ఎవరూ రారు. ఆశన్నకు అన్నిటికన్నా ఎక్కువ సిగ్గనిపించింది అక్కడే. ఎవరూ అడగరని ఆ నవంబరులో తనకూ తెలుసు. తెలిసే చేశాడు. ఇవాళ కాకపోతే పదేళ్లకు ఇంకెవరో ఇంకో పగడం తవ్వుతారు. అందులో చలికాలాలన్నీ చక్కగా ఉంటాయి. అప్పుడు అబద్ధం రాసిందన్న మాట ఎవరి నెత్తిన పడుతుంది? బాబాయ్ అని పిలిచిన పిల్ల నెత్తిన! ముసఫ్ఫాలో రాళ్లు కోసే ఆశన్ననెవడు పట్టించుకుంటాడు?

గురువారం నిఖిత నంబరు నొక్కి, ఆమె హలో అనేలోపే కట్ చేశాడు. శుక్రవారం మళ్లీ నొక్కి, ఆమె ఎత్తితే "రేపు ఎన్ని గంటలకు బిడ్డా?" అని మాత్రం అడిగి పెట్టేశాడు. ఇంత పిరికితనం తనలో ఎక్కడ దాక్కుందో ఆయనకే తెలియలేదు.

శనివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని యూనివర్సిటీకి వెళ్లాడు. హాలు బయట నిఖిత కాగితాలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. ఆయన్ను చూడగానే ముఖం వికసించింది.

"వచ్చేశారా బాబాయ్! ముందు వరసలో కూర్చోండి."

"బిడ్డా, ఆ పలక ఇరిగింది." ఆగితే మళ్లీ నోరు రాదన్న భయంతో ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాడు. "నువ్వు నిలవెట్టద్దన్నవ్. నేను నిలవెట్టిన. నాలుగు తున్కలైంది. అంచులు అరగదీసి అతికిన. నువ్వు సూపెట్టిన మూడు జాగలు నా అతుకులే. సలికాలాలు రాకపోవుడు గాదు. నేనే తీసేసిన."

నిఖిత గోడకు చెయ్యి ఆనించింది. "నవంబరులో విరిగింది. మొన్న కాజాలు తెచ్చినప్పుడు అంతసేపు చెప్పాను. అప్పుడూ మీకు తెలుసు. కదా?"

"తెలుసు."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నన్ను మెచ్చుకున్నవ్ బిడ్డా," అన్నాడు ఆశన్న నేల చూస్తూ. "ఇరవై రెండేండ్లల్ల ఒక్కలు మెచ్చుకోలె. గది పోతదని..."

నిఖితకు కోపమొచ్చినట్టే ఉంది. ఏడుపూ వచ్చినట్టే ఉంది. రెండూ మింగేసి, "లోపల కూర్చోండి ఆశన్న గారూ," అంది.

ఆ గారు ఆయనకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. "నా పేరు తీసెయ్యి బిడ్డా, నీ కాళ్లు మొక్కుత," అన్నాడు.

"తియ్యను. పలక కోసింది మీరే. పేరు తీసేస్తే అది ఇంకో అబద్ధం అవుద్ది," అని ఆమె లోపలికి వెళ్లి, ముందు వరసలో ఉన్న ప్రొఫెసర్ పక్కన వంగి చాలాసేపు మాట్లాడింది.

ఆశన్న చివరి వరసలో కూర్చున్నాడు. గోడంత తెర మీద తన పలక బొమ్మ పడింది. నిఖిత ఇంగ్లీషులో మాట్లాడింది. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. బొమ్మ మీద మూడుచోట్ల ఎర్రగీత గీసింది. తర్వాత "ఆశన్న" అన్న మాట వినబడింది. హాలంతా ఒక్కసారిగా వెనక్కి తిరిగి చూసింది. భూమి చీలితే బాగుండుననుకున్నాడు గానీ లేచిపోలేదు. ఇంకోసారి పారిపోతే ఇక మనిషినని చెప్పుకోవడానికి ఏమీ మిగలదని ఆయనకు తెలుసు.

అంతా అయ్యాక ప్రొఫెసర్ అనమ్ గారు తిన్నగా ఆయన దగ్గరికొచ్చింది. లాహోర్ మనిషి, నెరిసిన జుట్టు. వెనకే నిఖిత. ఆశన్న లేచి చేతులు కట్టుకున్నాడు, తిట్టడానికే అనుకుని.

"ఆశన్న భాయ్, హర్ జోడ్ పే కిత్నా ఘిసా?" అని అడిగిందావిడ. ఒక్కో అతుకు దగ్గర ఎంత అరగదీశావని.

"పహలా చార్ మిల్లీ. దూస్రా సాఢే తీన్. తీస్రా పాంచ్," అన్నాడు ఆశన్న తడుముకోకుండా.

ఎంత పోయిందో తెలిస్తే అక్కడ అన్ని నెలలు ఖాళీ వదిలి, మిగతా ఏళ్లన్నిటినీ సరైన చోట నిలబెట్టవచ్చని ఆవిడ నిఖితతో అంది. నిఖిత మాత్రం ఆయనవైపు అనుమానంగా చూసింది.

"అయిదు నెలలైంది. ఊహించి చెబితే మాకు ఇంకా నష్టం. అంత కచ్చితంగా ఎలా గుర్తుంది మీకు?"

"ఊహ గాదు బిడ్డా. అరగదియ్యక ముంగట కొల్చుడు, అరగదీసినంక కొల్చుడు మా పని. ఎన్ని రాళ్లు కోసిన్నో, ఒక్క కొల్త యాదికుండదు. గీ మూడే..." ఆశన్న తన చేతులకేసి చూసుకున్నాడు. "నవంబర్ల నుంచి పొద్దుగాల లేస్తే గవ్వే యాదికస్తయ్. మర్వాలని శాన జూసిన. నాతోని గాలె."

నిఖిత కాగితం మీద నాలుగు, మూడున్నర, అయిదు అని రాసుకుంది. ఎవరు చెప్పారో తెలియాలి కాబట్టి పక్కన ఆశన్న పేరు రాసింది. ఆయన ఆ పేరు వైపు చూడలేక తల దించుకుని నిలబడ్డాడు.