పొగదొర పాదాలు

ఎడమ బూటును చెవి దగ్గర పెట్టుకుని వంచి చూసింది అడుగులమ్మ. మడమ దగ్గర కిర్రుమంది. వేలితో కాస్త నూనె రాసి మళ్ళీ వంచింది. ఈసారి కిక్కురుమనలేదు. దాన్ని సంచిలో వేసి కుడి బూటు అందుకోబోతూ ఆగింది. వంటింట్లో పాలు గిన్నె అంచుకు వస్తున్న చప్పుడు వినబడింది. కుంటుకుంటూ వెళ్ళి పొయ్యి ఆర్పేసింది. ఆ పక్కనే కూర్చుని కూరగాయలు తరుగుతున్న ఆడపడుచుకు ఆ సంగతే తెలియలేదు.

ఆ పెద్దావిడ తలెత్తి అడుగులమ్మ కాలివంక చూసింది. ఇవాళ్టికి వెళ్ళకపోతే ఆ రాక్షసులకేమైనా పుట్టి మునుగుతుందా అని సణిగింది. అడుగులమ్మ నవ్వింది. భర్త పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ ఇద్దరే. ఒకరిని ఒకరు దెప్పుకోకుండా వాళ్ళకు పొద్దు గడవదు.

అడుగులమ్మ ఉద్యోగం నడవడం. తెరమీద బొమ్మ నడుస్తుంటే దాన్ని చూస్తూ, చప్పుడు బయటికి పోని గదిలో, కంకరమీదో ఇసుకమీదో నిలబడి ఉన్నచోటే అడుగులు వేయాలి. ఆ అడుగుల చప్పుడును బొమ్మకు అతికిస్తారు. మెత్తబడిన నూలుబట్టలు తప్ప మరొకటి కట్టుకోకూడదు, గరగరలాడతాయి. ఆకలితో వెళ్ళకూడదు, కడుపు గుర్రుమంటుంది. ఒకసారి అలా గుర్రుమన్నదాన్ని రికార్డిస్టు పారేయకుండా దాచి ఆటలోని ఆకలిదొర అనే రాక్షసుడికే పెట్టాడు. అక్కా, మీ పొట్ట కూడా జీతం తీసుకోవాలి అని ఇప్పటికీ ఏడిపిస్తుంటాడు.

బజారులో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడని మనిషి. కానీ ఆమె కాళ్ళ చప్పుడు వినబడితే ఎక్కడెక్కడివాళ్ళో ఇళ్ళలో కూర్చుని ఊపిరి బిగబడతారు. చీకటిలోకాల కథతో వచ్చే ఆ కంప్యూటరు ఆటలో, భాగానికొక రాక్షసదొర ఉంటాడు. దొర కనబడేముందు అతని నడక వినబడుతుంది. ఆ నడకలన్నీ ఆమెవే.

ఆమెవి అనడం కూడా సరికాదు. ఈ పని నేర్పిన గురువు మొదటిరోజే, ముందు నీ నడక పారేసుకో, అది ఉన్నన్నాళ్ళూ ఇంకొకరి నడక నీకు రాదు అన్నాడు. ఆమె శ్రద్ధగా పారేసుకుంది. ఆకలిదొరకు మామగారి నడక ఇచ్చింది. భోజనానికి పిలిచారని తెలియగానే గబగబా నాలుగడుగులు, అంతలో ఎవరైనా చూస్తారేమోనని నింపాదిగా రెండడుగులు వేసే నడక. తుప్పుదొరకు బడిలో కసరత్తు చేయించిన మాస్టారి నడక ఇచ్చింది. ముళ్ళరాణికైతే సాక్షాత్తూ ఆడపడుచు నడకే. విసవిసా వచ్చి, గుమ్మం అవతల ఒక్క క్షణం ఆగి, లోపల ఏం మాట్లాడుకుంటున్నారో విని, అప్పుడు అడుగుపెట్టడం. ఆ ఆగడానికే ఆటగాళ్ళ పైప్రాణాలు పైనే పోయేవి. పక్కింటివాళ్ళు ఆట ఆడుతుండగా పెద్దావిడ ఒకసారి విన్నది. ఇంటికొచ్చి రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు, రాణి అన్నావు గనక ఊరుకుంటున్నా అంది.

భర్త నడకను మాత్రం ఏ రాక్షసుడికీ ఇవ్వలేదు. అతను వచ్చింది కూడా తెలియకుండా వచ్చేవాడు, నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమోనని. ఆ నడకను ఆమె దాచుకుంది.

ఇవాళ్టితో ఆఖరు. వచ్చేవారం మోకాలికి ఆపరేషన్. తర్వాత నిలబడి చేసే పనులు కట్టిపెట్టమని డాక్టరు చెప్పేశాడు. ఆటకు కూడా ఇదే చివరి భాగం, అందులో ఒకే ఒక్క నడక మిగిలింది. పొగదొర తన చావుకు తాను నడిచే నడక అది. ఇవాళ కుదరకపోతే, పాత భాగాల్లో దాచిన అడుగుల్నే అతికించి సరిపెడతారు. నిన్న ఆ మాట చెప్పడానికి కథలావిడ మొహమాటపడి చచ్చింది. రాక్షసదొరల పుట్టుపూర్వోత్తరాలు రాసేదీ, వాళ్ళ చప్పుళ్ళు ఎలా ఉండాలో తేల్చేదీ ఆవిడే. చెప్పినదాంట్లో అన్యాయమేమీ లేదని అడుగులమ్మకు తెలుసు. తెలిసినా మనసు ఒప్పలేదు. దొరలందర్నీ చేతులారా, కాదు, కాళ్ళారా నడిపించి, ఆఖరివాణ్ణి సగం దారిలో వదిలిపెట్టడమా?

అందులోనూ పొగదొరను.

ఎందుకంటే పొగదొరకు అడుగులున్నాయంటే ఆమె చేసిన పొరపాటువల్లే. అతను మొదటిసారి వచ్చిన భాగంలో కథలావిడకు జ్వరం. ఎలాంటివాడో చెప్పే దిక్కు లేదు. రికార్డిస్టు దగ్గర ఛాతీవరకే గీసిన బొమ్మ ఉంది. అంత పెద్ద భుజాలవాడికి పెద్ద బూట్లే ఉంటాయని ఆమె బరువైన బూట్లు తొడుక్కుని ధనధనా నడిచేసింది. తీరా బొమ్మ పూర్తయి వచ్చాక చూస్తే దొరకు నడుము కింద కాళ్ళే లేవు. అంతా పొగ. ఆట అప్పటికే జనం చేతుల్లోకి వెళ్ళిపోయింది. ఉద్యోగం ఊడినట్టే అనుకుని ఆమె మంచం పట్టినంత పనైంది.

జనం మాత్రం వెర్రెత్తిపోయారు. కాళ్ళులేనివాడి వెనక వినబడుతున్న ఆ అడుగులు ఎవరివి? వాదనలు, పందేలు, ఊహలు. మంచంమీద ఉన్న కథలావిడ అవన్నీ చదివి లేచి కూర్చుంది. పొగదొర ఒకప్పుడు కోటకు కావలివాడనీ, మంటలు లేచినప్పుడు లోపల జనాన్ని ఉంచి తలుపు గడియ పెట్టి పారిపోయాడనీ, పరుగెత్తిన కాళ్ళు సిగ్గుతో అతన్ని విడిచిపోయాయనీ రాసింది. వెనక వినబడేవి ఆ జనం అడుగులు. ఆటలోని దొరలందరిలోకీ అతనికే ఎక్కువ పేరొచ్చింది. ఆనాటినుంచి ఒక కట్టుబాటు ఏర్పడింది. కథలావిడ ఎదురుగా కూర్చుని దొర కథంతా నోటితో చెప్పందే అడుగులమ్మ నేలమీద కాలు పెట్టదు.

ఇవాళ కూడా ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. గది నేలలో చెక్కమూతలున్న గుంటలు. ఒకదాంట్లో కంకర, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో రాతిపలకలు. ఇవాళ్టికోసం కంకరమీద చేటలకొద్దీ బూడిద పోసి ఉంచారు. గోడపొడవునా జతలు జతలుగా బూట్లు, చెప్పులు, ఇనుపనాడాలు. అద్దం అవతల రికార్డిస్టు చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

కథలావిడ చెప్పింది. పొగదొర ఓడిపోయాడు. రాజ్యం పోయింది, వెంట తిరిగిన అడుగులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అప్పుడతను పారిపోవచ్చు, పొగ గనక ఏ సందులోంచైనా జారిపోవచ్చు. కానీ పోలేదు. కాలిపోయిన కోటవైపు తిరిగాడు. తిరిగిన క్షణంలో పొగ అడుగున పాదాలు మొలిచాయి. ఆ పాదాలతో బూడిదలోంచి కోటతలుపుదాకా నడిచి, అప్పుడు పెట్టిన గడియను తీసి, అక్కడే పడిపోతాడు.

“ఇది వాళ్ళ నడక కాదమ్మా,” అంది కథలావిడ. “అతని సొంతం. ఇంతవరకు ఎవరూ విననిది.”

అడుగులమ్మ బూట్లు తొడుక్కుని గుంటలోకి దిగింది. తెరమీద పొగ పలచబడింది. నడిచింది. కథలావిడ కళ్ళు మూసుకుని విని, తల అడ్డంగా ఊపింది. ఇందులో తుప్పుదొర వినబడుతున్నాడంది. నిజమే, మాస్టారు వచ్చి కూర్చున్నారు. బూట్లు మార్చింది. ఈసారి ఆకలిదొర. చెప్పులు వేసుకుంటే ముళ్ళరాణి. అద్దం అవతలినుంచి రికార్డిస్టు, మీ వదినగారు మిమ్మల్ని వదలట్లేదక్కా అన్నాడు. ముగ్గురూ నవ్వారు, నవ్వి నీరసపడ్డారు. మధ్యాహ్నం దాటింది. మోకాలు వాచి పొయ్యిరాయిలా కాలుతోంది.

చివరికి ఆమె మనసు గట్టిచేసుకుని, దాచుకున్నదాన్ని బయటికి తీసింది. చెప్పులు విడిచి భర్తలా నడిచింది. మెత్తగా, ఎవరికీ నిద్రాభంగం కాకుండా. ఆగేసరికి ఆమె కళ్ళు తడిశాయి.

“ఎంత మంచివాడమ్మా ఇతను,” అంది కథలావిడ మెల్లగా. “కానీ ఇతను ఎవర్నీ వదిలేసి పోయినవాడు కాడు.”

అడుగులమ్మకు గుండెలమీంచి బరువు దించినట్టయింది. ఆయన నడక ఆయనకే మిగిలింది. దాచుకున్నది దక్కిందన్న సంతోషం, చేతిలో ఇక ఏమీ లేదన్న దిగులు ఒకేసారి కలిగాయి. గుంట అంచుమీద కూర్చుని మోకాలు ఒత్తుకుంటూ, అసలు ఆ క్షణంలో దొరకు ఎలా ఉంటుందో చెప్పమని అడిగింది.

కథలావిడ ఆలోచించింది. ఇన్నాళ్ళూ పొగకు నొప్పి తెలియదు, పాదాలతోపాటు ఇన్నాళ్ళ నొప్పీ ఒక్కసారి వచ్చిపడుతుందంది. పోనీ కుంటుతాడా అంటే, కుంటినా దాచుకోడంది.

“ఆ నొప్పి అతనికి ఇష్టం. అది తనది గనక.”

అడుగులమ్మ చేయి మోకాలిమీద ఆగిపోయింది. ఎప్పుడో ఈ గుంటలోనే జారిపడినప్పటినుంచి కుడికాలు మడిచినప్పుడల్లా అందులో టిక్కుమని చిన్న చప్పుడు. దాన్ని అణచడానికి చుట్టూ గుడ్డ చుట్టుకునేది. అప్పటికీ మిగిలినదాన్ని రికార్డిస్టు సాయంత్రాలు కూర్చుని, ఒక్కొక్క అడుగులోంచీ ఏరి తుడిచేసేవాడు. దొరలెవరిలోనూ అది లేకుండా చేశాడు. ఆ సంగతి ఆమెకు అతను చెప్పలేదు, తెలుసని అతనికి ఆమె చెప్పలేదు. పారేసుకున్నాననుకున్న నడకలో పోకుండా మిగిలింది అదొక్కటే.

ఆమె వంగి మోకాలి గుడ్డ విప్పింది. మడతపెట్టి పక్కన పెట్టింది. వట్టికాళ్ళతో బూడిదలోకి దిగి, అద్దంవైపు చూసింది.

“తమ్ముడూ, ఈసారి తుడవకు.”

అతను తలూపాడు. చెవులకు పెట్టుకున్నదాన్ని రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు.

పొగ పలచబడింది. పాదాలు కనబడ్డాయి. అడుగులమ్మ మొదటి అడుగు వేసింది. బూడిద కింద కంకర కరకరమంది, దాని వెనకే టిక్కుమంది. నొప్పి తొడదాకా పాకింది. ఎన్నో ఏళ్ళుగా ఆ నొప్పి కనబడకుండా అడుగును సర్దుకోవడమే ఆమె విద్య. ఇప్పుడు సర్దుకోలేదు. రానిచ్చింది. రెండో అడుగు. కుడికాలు కాస్త ఈడ్చి, ఎడమకాలిమీద బరువు వేసి, మళ్ళీ టిక్కుమనిపించి. ఇందులో మామగారు లేరు, మాస్టారు లేరు, గుమ్మం దగ్గర ఆగే వదినగారు లేరు. ఈ నడక ఎవరిదో ఆమెకే కొత్తగా ఉంది. కొత్తగా ఉన్నా కాలికి మాత్రం అలవాటైనట్టే ఉంది. ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావే అని తన కాళ్ళను తానే పలకరించుకున్నట్టు, ఒక్కో అడుగూ మరింత గట్టిగా వేసింది. తెరమీది దొర తల ఎత్తాడు. బొమ్మ గీసినవాళ్ళు ఎప్పుడో గీసిందే. అయినా ఆ తల ఎత్తింది ఈ అడుగులు వినే అనిపించింది. ఉన్నచోటనుంచి జానెడు కదలకుండా ఆమె ఆ కాలిన రాజ్యాన్నంతా నడిచి దాటింది. తలుపు వచ్చింది. ఆగింది.

అద్దం అవతల రికార్డిస్టు లేచి నిలబడి ఉన్నాడు. కథలావిడ నోటికి అడ్డంగా చేయి పెట్టుకుంది.

“ఇదే,” అంది. “అమ్మా, ఇదే.”

గెలిచింది. అంతకంటే దానికి వేరే మాట లేదు. అడుగులమ్మ నిండుగా నవ్వింది. బూడిద పట్టిన పాదాలతో గుంటలో నిలబడి, రాక్షసరాజ్యం మొత్తం తనకే రాసిచ్చినట్టు అందరివంకా చూసింది. ఆ నవ్వు చూసి రికార్డిస్టుకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే, అక్కా, ఇక నా సాయంత్రాలు నావే అన్నాడు. అదొక్కటే ఆమె ఇక అక్కడ ఉండని లోటు గురించి అతను అన్న మాట.

ఇంకా ఒక్క చప్పుడు మిగిలింది, దొర పడిపోయే చప్పుడు. గోడకున్న పాత తోలుకోటును నీళ్ళలో ముంచి తెచ్చారు. తెరమీద తలుపు గడియ జారగానే అడుగులమ్మ దాన్ని భుజం ఎత్తునుంచి వదిలింది. అది మోకాళ్ళమీద పడ్డట్టు ఒకసారి ఆగి, తర్వాత పూర్తిగా ఒరిగింది. పొగదొర చనిపోయాడు. రెండోసారి తీయనక్కరలేదంది కథలావిడ, కూర్చునే, చిన్నగొంతుతో.

బయట నడవాలో ఆడపడుచు బెంచీమీద కూర్చుని ఉంది. ఎంతసేపటినుంచి ఉందో, తలుపు అవతల ఆగి విన్నదో లేదో చెప్పలేదు. కాళ్ళకు ఆ బూడిదేమిటే, ఇల్లంతా చేస్తావు అని విసుక్కుంది. విసుక్కుంటూనే సంచి అందుకుని, భుజం ఆనించుకోమని దగ్గరికి జరిగింది. అడుగులమ్మ కుంటుతూ, ఏమాత్రం దాచకుండా కుంటుతూ, టిక్కు టిక్కుమంటూ మెట్లు ఎక్కి వెళ్ళిపోయింది. రికార్డిస్టు మెట్లు అయిపోయేదాకా విని, అప్పుడు దీపాలు ఆర్పాడు.

కోటును ఎవరూ తీయలేదు. బూడిదలో ఒక పక్కకు ఒరిగి, నీరు ఇంకుతూ, ఒక చేయి మడత కింద చిక్కి, రెండో చేయి గుంట అంచు దాటి చెక్కనేలమీదికి బారుగా చాచుకుని ఉంది.