చిటికెన వేలి గుర్తు

నర్సు భ్రమరాంబ పోలియో చుక్కల పెట్టె భుజాన వేసుకుని మగ్గాల వీధిలో నడుస్తోంది, నడిచేకొద్దీ వీధి సాగిపోతోంది, వీధి పొడవునా ఎవరో ఎర్రటి పడుగు సాగదీసి కట్టారు, దాన్ని తొక్కకుండా పక్కకి జరిగేసరికి ఆ వీధి కాస్తా చిన్నప్పటి బడి వరండా అయిపోతోంది. వరండా చివర బల్ల మీద కూర్చుని చెల్లెలు చౌడేశ్వరి రాట్నం మీద కండెలు చుట్టుకుంటోంది. పోయి రెండేళ్లయిన మనిషి. జుట్టు సగం నెరిసే ఉంది గానీ కాళ్లు మాత్రం నాలుగేళ్ల పిల్లవి, బల్ల కింద ఊగుతున్నాయి, రెండూ ఊగుతున్నాయి. అది భ్రమరాంబకి వింతగా లేదు, సంతోషంగా ఉంది.

"ఇంతాలస్యమా అక్కా? పిల్లలంతా వెళ్లిపోయారు."

"నీకో మాట చెప్పాలే చౌడీ."

నలభై అయిదేళ్లుగా గొంతులో ఉండిపోయిన మాట అది. చెల్లెలు బతికుండగా ఎన్నిసార్లో నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది. ఆ బళ్లోనే పోలియో చుక్కలు వేస్తున్నారని తెలిసి, మగ్గం దిగే తీరిక లేని అమ్మ, తొమ్మిదేళ్ల భ్రమరాంబకి చెల్లిని అప్పగించి పంపింది. పక్క వరసలో వేరే టీకాలు సూదులతో పొడుస్తుంటే పిల్లలు గుక్కపెట్టి ఏడుస్తున్నారు. అది చూసి చౌడేశ్వరి అక్క పరికిణీ పట్టుకుని "వద్దక్కా" అని బావురుమంది. మనసొప్పక భ్రమరాంబ దాన్ని చంకనేసుకుని కాలవ పక్కన రేగుచెట్టు దగ్గరికి తీసుకుపోయింది. ఇంటికొచ్చి "వేయించానమ్మా" అంది. ఆ రోజుల్లో వేలికి గుర్తు పెట్టేవారు కాదు. మూడు నెలలకి జ్వరం తగిలి పిల్లకి కుడికాలు చచ్చుబడింది. "చుక్కలు వేయించినా రాత తప్పలేదు" అని అమ్మ పోయేదాకా అంటూనే ఉంది. మగ్గం తొక్కాల్సిన చౌడేశ్వరి జన్మంతా కండెలు చుట్టింది.

"ఆ రోజు నేను..." అని భ్రమరాంబ మొదలుపెట్టగానే వరండాలో ఎండ పసుపుపచ్చగా మారిపోతోంది, కాలవ నీళ్లు మెట్లదాకా వచ్చి ఆగుతున్నాయి.

"ఆ రేగిపళ్లు ఒకటే పులుపు," అంటోంది చౌడేశ్వరి, దారం తెంపకుండానే.

"నీకు గుర్తుందా?"

"ఎందుకుండదు? అమ్మకి చెబితే అక్క చచ్చిపోద్దని, నీ నెత్తిన నా చెయ్యి పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నావుగా. అమ్మ ఉన్నన్నాళ్లూ చెప్పలా. ఆ తర్వాత చెప్పుకోవడానికి నువ్వు తప్ప ఎవరున్నారు? నువ్వేమో నోరు విప్పవు."

"ఒక్కసారన్నా నన్ను తిట్టకపోయావా!"

"ఊరుకున్నాననుకున్నావా? నీ పెళ్లిచీరకి కండెలు చుట్టినప్పుడు కావాలనే నాలుగు చిక్కులు పెట్టా. నేసేటప్పుడు నాన్న రోజంతా సణుక్కున్నాడు." ఎప్పటిలాగే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆ నవ్వు మళ్లీ వినడం ఎంత బాగుందో. నవ్వు ఆగాక, "ఇంక ఆ ఒట్టు తీసి గట్టున పెట్టక్కా. మొయ్యలేకపోతున్నా," అంటోంది.

"పెట్టేశానే తల్లీ," అంటూ భ్రమరాంబ ఏడుస్తోంది.

"అయితే నాకూ గుర్తు పెట్టు." ఎడమ చెయ్యి చాపుతోంది.

"చుక్కలు వెయ్యకుండా పెట్టకూడదే. ముప్పయ్యేళ్లలో ఏ పిల్లకీ పెట్టలేదు."

"తెలుసు. ఇల్లిల్లూ తిరిగి, మంచాల కింద దాక్కున్న వాళ్లని కూడా లాక్కొచ్చి వేశావు. అదంతా ఎవరికోసమో నాకు తెలీదా?"

పెట్టె తెరిస్తే మందు సీసాలు లేవు, మంచుగడ్డల మధ్య రేగిపళ్లున్నాయి. భ్రమరాంబ పెన్ను మూత తీసి, చెల్లెలి చిటికెన వేలు పట్టుకుని, గోరు మీద మెల్లగా గీత గీస్తోంది. ఆ వేలికి ఇంకా నూలు వాసన వస్తోంది.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. ఆదివారం, చుక్కల రోజు. లేచి నూతి దగ్గర చెంబుతో నీళ్లు ముంచుకోబోతుంటే ఎడమ చిటికెన వేలి గోరు మీద నల్లటి గీత కనిపించింది. పెన్నులో సిరా ఉందో లేదోనని నిన్న సాయంత్రం తనే గీసి చూసుకుంది. ప్రతిసారీ అలాగే చూసుకుంటుంది, పెద్దదానికి గుర్తేమిటని తెల్లారగానే సబ్బుపెట్టి రుద్దేస్తుంది.

ఈసారి ఆ ఒక్క వేలూ తడవకుండా పైకెత్తి పట్టుకుని, కుడి చేత్తోనే ముఖం కడుక్కుంది.