రూతమ్మ నంబరు

పుల్లలచెరువు పక్కన ఆ పల్లెలో నీళ్లకు కరువుంది గానీ షుగర్ జబ్బుకు కరువు లేదు. దాంతో ఆడోళ్లకు కొత్త పోటీ పుట్టింది: ఎవరి నంబరు ఎంతకు దిగిందీ అని. మిరప కోతకు పోయినా అదే ముచ్చట. రూతమ్మది ఎప్పుడు చూసినా మూడొందలే. వరసకు వదినయ్యే ఎలీషబాది నూటపది. ఆ నూటపదిని ఆమె మెళ్లో గొలుసు మాదిరి వేసుకొని తిరుగుతాంటే రూతమ్మకు కడుపు మండేది.

అందుకే శుక్రవారం మందిరంలో ఉపవాస కూడికకు పంతం పట్టి కూచుంది. పొద్దున్నే ఇన్సులిన్ సూది వేసుకుంది, మెతుకు ముట్టలేదు. సూది ఒకపక్క, పస్తు ఒకపక్క నొక్కితే షుగర్ దిగక ఎక్కడికి పోతాదని ఆమె లెక్క. లెక్క తప్పు కాదు, అదే వచ్చిన చిక్కు.

మధ్యాహ్నానికి ఒళ్లంతా చెమటలు, చేతులు వణుకు. "ఏంది రూతమ్మా, అట్లున్నావ్?" అంటా ఎలీషబా సంచిలోంచి షుగర్ చూసే మిషను తీసి వేలు పొడిచింది. నలభై ఆరు!

"స్తోత్రం!" అని మందిరమంతా మోగింది. పాస్టరు దేవదానం చేతులెత్తి ప్రార్థన అందుకున్నాడు. ఎలీషబా మొహం మాడిపోయింది. కండ్లు మసకలు కమ్ముతున్నా రూతమ్మకు లోపల పండగే. పక్కకు ఒరిగిపోతా కూడా నవ్వింది.

వెనక వరసలోంచి కోడలు హెలెన్ ఉరికొచ్చింది. "మీ సంతోషం తగలెయ్య! షుగర్ పడిపోతే మనిషి పోతాది! తీపి ఏదన్నా తెండి!"

ఉపవాసం రోజు తీపి ఎవరి దగ్గరుంటాది? ఉన్నదల్లా బీరువాలో ద్రాక్షరసం సీసా. హెలెన్ దాన్ని లాక్కుంది.

"అది ఆదివారం ప్రభువు బల్లకు దాచిందమ్మా!" అన్నాడు పాస్టరు.

"ఆదివారానికి మా అత్త ఉండాల గదా అయ్యగారూ!"

పాస్టరు తనే మూత తీసిచ్చినాడు. రూతమ్మకు ఇంకా మింగే తెలివుంది, అది నయం. హెలెన్ గుక్కగుక్కగా తాపింది.

పావుగంటకు రూతమ్మ లేచి కూచుంది. మళ్ల పొడిస్తే నూటపద్దెనిమిది. హెలెన్‌కు సంతోషంతో ఏడుపొచ్చింది. "గండం గడిచింది. ఇంటికి పోయి అన్నం తిందువు, రా అత్తా."

"అయ్యో, మళ్ల పెరిగిపాయెనే!" అంది ఎలీషబా, ఎక్కడలేని జాలి ఒలకబోస్తా. "నాకంటే ఎనిమిది ఎక్కువ." కూచున్నోళ్లంతా ఉసూరుమన్నారు.

రూతమ్మ మిషను వంక చూసింది, వదిన మొహం చూసింది. కండ్లలో గిర్రున నీళ్లు తిరిగినాయి. కోడలి చెయ్యి విదిలించి కొట్టింది.

"గెలిచినదాన్ని గదనే, పాడుదానా! ఎందుకు తాపినావ్?"