కళ్ళకద్దుకున్న ముక్క

ఇటుకలు చేసే మనుషుల బొమ్మ కింద ఆశన్న నేల తుడుస్తున్నాడు. బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వెనక ఉన్న ఆ చిన్న ప్రదర్శనశాలలో నాలుగేళ్ళుగా అతని పని అదే. అంతకు ముందు పదకొండేళ్ళు రాస్ అల్ ఖైమా క్వారీలో రాళ్ళెత్తాడు. కుడి మోకాలు అక్కడే పోయింది. వంగితే లేవడానికి గోడ కావాలి.

గోడల నిండా హీబ్రూ జనం తొలినాటి కథ. గొర్రెలు తోలుకుని పుట్టిన ఊరు విడిచిన ఇబ్రహీం, ఈజిప్టులో పరాయి రాజుకు ఇటుకలు చేసిన అతని సంతానం, ఇసుకలో నలభై ఏళ్ళ నడక, బొమ్మ లేని దేవుడు. ఇటుకల దగ్గర ఆశన్న కాస్త ఎక్కువసేపు తుడిచేవాడు. ఆ బొమ్మలో కర్ర పట్టుకుని నిలబడ్డవాడు అచ్చం క్వారీ ఫోర్‌మన్‌లా ఉండేవాడు.

వీసా క్యాన్సిలైంది. రేపు మధ్యాహ్నం విమానం. రేపు రాత్రికి ఏం కూర వండాలని పొద్దున్నే భార్య మంజుల ఫోన్లో అడిగింది.

"ఆశన్నా, మాప్ ఆడ పెట్టి ఇట్లా రా," అన్నాడు సూపర్‌వైజర్ సనావుల్లా. రాయచోటి మనిషి. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వాడా అని ఆలోచించే రకం.

లోపలి గదిలో పెన్కర్ సాబ్ కూర్చుని ఉన్నాడు. ముంబై యూదుడు, పాత గ్రంథాలు బాగుచేసే ముసలాయన. నిన్న తోలు మీద రాసిన ఒక గ్రంథపు చుట్ట కుడుతుంటే అంచు నుంచి బొటనవేలంత ముక్క ఊడింది. ముక్క దొరకలేదు గానీ, కెమెరాలో ఆశన్న దొరికాడు. మాప్ ఆపి, కాలి కింద నుంచి ఏదో తీసి, కళ్ళకద్దుకుని, జేబులో వేసుకున్నాడు.

"నాలుగేండ్లు నమ్మితి నిన్ను. పోయేటప్పుడు ఈ పని చేస్తివా?"

సనావుల్లా అతన్ని ఒక్క పూట కూడా నమ్మలేదు. అది ఇద్దరికీ తెలుసు.

కంప్లైంటు పడితే ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. ఉమ్ అల్ క్వైన్‌లో ఆశన్న దోస్తు దేవేందర్ అట్లాగే ఏడాదిన్నర ఇరుక్కున్నాడు. తల్లి చావుకు కూడా పోలేకపోయాడు.

"కాయితమనుకున్న సార్. కాలు తాకింది. కండ్లకద్దుకున్న, గంతే."

"అద్దుకుంటే సరే. జేబులో ఎందుకేసుకుంటివి?"

ఆశన్న చీపుర్ల అల్మారా వైపు నడిచాడు. పారిపోతాడేమోనని సనావుల్లా వెనకే నడిచాడు. ఆశన్న పాలపొడి డబ్బా ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూతకు చీటీ అతికించి ఉంది: 'ఆశన్నది. ముట్టద్దు.'

పెన్కర్ సాబ్ మూత తీశాడు. లోపల జనం నేల మీద పారేసిన కరపత్రాల ముక్కలు, హీబ్రూ అక్షరాలున్నవే. అన్నిటికీ పైన తోలుముక్క.

ముసలాయన అనుమానం అప్పుడూ పోలేదు. "ఇవన్నీ ఎందుకు దాచావు?" అని హిందీలో అడిగాడు.

ఆశన్న హిందీలో మొదలుపెట్టి తెలుగులోకి జారిపోయాడు. "ఈ అక్షరాలల్ల దేవుని పేరుంటదని వచ్చినోళ్ళకు మీరే చెప్తుంటిరి గద సాబ్. చెత్తల వెయ్య మనసొప్పలే. ఏం చెయ్యాల్నో తెల్వకపాయె."

"అని చెప్తా ఉండాడు," అని చివర తన మాటగా ఒక ముక్క కలిపి సనావుల్లా అదంతా పెన్కర్ సాబ్‌కు హిందీలో చెప్పాడు.

పెన్కర్ సాబ్ లేచి తన ఇనుప బీరువా తెరిచాడు. నిండా చిరిగిన ప్రార్థన పుస్తకాలు. తమవాళ్ళు దేవుడి పేరున్న కాగితాన్ని పారెయ్యరనీ, పాడైతే మనిషిని పూడ్చినట్టు పూడుస్తారనీ చెప్పాడు. "నేనూ నిన్ను దొంగవనే అనుకున్నాను," అన్నాడు తలదించుకుని. సగం రాసిన కంప్లైంటును నలిపి చెత్తబుట్టలో వేశాడు. అందులో ఏ దేవుడి పేరూ లేదు.

సాయంత్రం గేటు దగ్గర సనావుల్లా ఆశన్న సంచీని రెండుసార్లు వెతికాడు. ఖర్జూరాలు, నొప్పుల మందు దొరికాయి. మర్నాడు మధ్యాహ్నం ఆశన్న వెళ్ళిపోయాడు. ఇటుకల బొమ్మ కింద ఆ పూట ఎవరూ తుడవలేదు.

పూడ్చాల్సిన పుస్తకాల మధ్య డబ్బాను సర్దుతూ పెన్కర్ సాబ్ మూత మీది చీటీ పీకబోయి ఆగాడు. ఆయనకు తెలుగు రాదు. అందులో ఎవరి పేరుందో ఏమో. బీరువా మూశాడు. లోపల పాలపొడి డబ్బా చీటీతోనే ఉంది: 'ఆశన్నది. ముట్టద్దు.'