ఒంటిస్తంభం మేడ నుంచి ఇంటిదాకా

మామగారితో పోట్లాడలేం. అదే వచ్చిన చిక్కు. మొగుడైతే రెండు మాటలని, ఒక పూట మొహం మాడ్చుకుని, సాయంత్రానికి రాజీపడొచ్చు. మామగారు ఎదురుగా కుర్చీ వేసుక్కూర్చుని చేస్తున్న పనికి వంకలు పెడుతుంటే, కోడలన్నది మింగలేక కక్కలేక చావాల్సిందే.

ఈ కోడలి పని పిల్లల కథల పుస్తకాలకి బొమ్మలెయ్యడం. పన్నెండేళ్ళుగా పేజీ మూలల్లో కాకినీ కుందేలునీ వేస్తున్న మనిషికి, ఈసారి రెండు పేజీల నిండా చోటిచ్చారు. కథలోని రాజ్యానికి పటం గియ్యాలి. ఏడు సముద్రాలు, పాముల అడవి, రాక్షసుడి కోట, కోట వెనక ఒంటిస్తంభం మేడ, ఆ మేడలో రాక్షసుడు ఎత్తుకొచ్చిన కట్టెలుకొట్టేవాడి కూతురు. ఇది ఎడిటరమ్మకి నచ్చితే మిగతా ఆరు కథల పటాలూ ఈవిడకే. నచ్చకపోతే ఇంకొకాయన కాచుకుని కూర్చున్నాడు.

మామగారు ముప్ఫయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. అత్తగారు పోయినప్పటినుంచీ ఆయనకి పొద్దుపోదు. కోడలి బల్లే ఆయనకిప్పుడు డిపో. ఈ మలుపులో గుర్రం తిరగదమ్మా అంటారు. అడవిలో పది ఆమడల మేర చుక్క నీరు లేదు, రాజకుమారుడు తాగొద్దా అంటారు. వంతెన మీద రెండు ఏనుగులు ఎదురుపడితే ఏది వెనక్కి పోవాలని అడుగుతారు. అవి కథలో ఏనుగులు మావయ్యా అంటే, కథలో అయితే మాత్రం ఏనుగు చిక్కిపోతుందా అని మళ్ళీ అడుగుతారు. పదిహేను రోజులు ఇదే వరస. ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చింది.

ఇవ్వాల్సిన రోజు రానే వచ్చింది. నాలుగింటికల్లా పటం ఎడిటరమ్మ చేతిలో ఉండాలి. రంగు ఆరనీ అని బల్లమీద వదిలి స్నానానికెళ్ళింది. వచ్చి చూస్తే మామగారు నీలం బాల్‌పెన్ను పట్టుకుని పటం మీదకి వంగి ఉన్నారు. మేడ మెట్ల దగ్గర బయల్దేరిన గీత కోట గోడని చుట్టి, కొండ దిగి, అడవి అంచున కట్టెలుకొట్టేవాడి గుడిసె గుమ్మం దాకా వచ్చి ఆగింది. మధ్యలో మూడు చుక్కలు. అవి స్టాపులట.

అరికాలి మంట నెత్తికెక్కింది. పెళ్ళై ఈ ఇంటికొచ్చాక మొదటిసారి ఆయన ముందు ఆవిడ గొంతు లేచింది. ఏం పాపం చేశానని నా నోటిదగ్గర కూడు పడగొట్టారని అడిగేసింది.

ఆయన పెన్నుకి మూత పెట్టారు. "ఆ మేడకి రాక్షసుడొచ్చే దారి వేశావు, రాజకుమారుడొచ్చే దారి వేశావు. ఆ పిల్ల ఇంటికెళ్ళే దారి వెయ్యలేదమ్మా. వెళ్ళిన బండికి తిరుగు ట్రిప్పుండాలి కదా" అన్నారు.

కథలో ఆ పిల్ల ఇంటికెళ్ళదని, రాజకుమారుణ్ణి చేసుకుని అటునుంచటే అంతఃపురానికి పోతుందని అరిచి చెప్పి, పటం చుట్టబెట్టి, తలైనా దువ్వుకోకుండా బస్సెక్కింది.

ఎడిటరమ్మ పటమంతా మెచ్చుకుంది. పాముల దగ్గర నవ్వింది కూడా. నీలం గీత దగ్గర ఆగి, ఇదేమిటంది. ఇంట్లో పెద్దాయన నిర్వాకమని చెప్పుకోలేక, పొరపాటున పడిందని చెప్పి, సంచిలోంచి రంగులు తీసి అక్కడే కూర్చుంది. గీత కనపడకుండా కొండ మీద కొండ, చెట్టు మీద చెట్టు వేసింది. గంట పట్టింది. అతికినట్టు కుదిరింది. ఆరు పటాలూ నీకే, ఇది రేపు పొద్దున్నే ప్రెస్సుకి వెళ్ళిపోతుంది అంది ఎడిటరమ్మ.

ఇంటికొచ్చేసరికి మామగారు గుమ్మంలోనే ఉన్నారు. పని దొరికిందా అని అడగలేదు. దారి ఉంచారా అని అడిగారు. లేదు, చెట్లేసి కప్పేశానని చెప్పింది, కాస్త కసిగానే.

ఆయన గుమ్మం మీదే కూర్చున్నారు.

"మీ అత్తయ్య పుట్టిల్లు నా రూట్లోనే ఉండేది" అన్నారు. "పద్దెనిమిదేళ్ళు, రోజుకి రెండుసార్లు వాళ్ళ వీధి చివర బండి ఆపాను. ఎవరెవరినో ఎక్కించాను, దించాను. దాన్ని ఒక్కరోజు ఎక్కమనలేదు. వెళ్తానంటే, ఇంట్లో పనెవరు చేస్తారనేవాణ్ణి. కొన్నాళ్ళకి అడగడం మానేసింది. అడగట్లేదు కదా, వెళ్ళాలని లేదేమో అనుకున్నాను."

కోడలికి కోపం పోలేదు. ఉన్నదానికి తోడు ఇంకోటి వచ్చింది. వంతెనలూ ఏనుగులూ అని పదిహేను రోజులు చంపుకుతిని, చెప్పాల్సిన ఈ ఒక్క మాటా ఇవాళ చెప్పినందుకు ఆయన మీద కోపం. అంత బాగా కప్పేసినందుకు తన మీద కోపం. విసవిసా వెళ్ళి ఎడిటరమ్మకి ఫోన్ చేసింది. పటం పంపొద్దు, అందులో ఒక దారి వెయ్యాలి అంది. కథలో లేని దారి వేస్తే రాసినాయన ఒప్పుకోడు, ఆ ఆరు పటాలూ చేజారిపోతాయి, ఆలోచించుకో అందావిడ. ఆలోచించుకునే చేశాను, వస్తున్నాను అని పెట్టేసింది.

మామగారు కంగారుపడిపోయారు. ముసలాడి మాట పట్టుకుని చేతికొచ్చిన పని పోగొట్టుకోవద్దన్నారు. బొమ్మే కదమ్మా, పోనీ అన్నారు.

"మీరిక ఒక్క మాట మాట్లాడకండి మావయ్యా. చెప్పులేసుకోండి. అన్ని చెట్లు వేశాక ఆ దారెక్కడుందో నాకే తెలియట్లేదు. మీరొచ్చి చూపించాలి."