నంతిని తింటే జగదీష్ బరువు

మలేసియాలో సైబర్‌జయ రోడ్ల మీద ఆఫీసులకి పోయే కార్లు బారులు తీరే వేళకి నంతిని రెండో రోటి చనై పరోటా ముగించి, మూడోదాని మీద పప్పు పోసుకుంటూ ఉండేది. ఆమె మొగుడు జగదీష్ గ్లాసుడు పాలు తాగి, తువ్వాలు భుజాన వేసుకుని, బరువు చూసే మిషనెక్కి నిలబడేవాడు. ఆమె ఒక్కో ముద్ద మింగుతుంటే మిషను మీద అంకె కదిలేది.

"చాలా బావా?"

"ఇంకొక్క గుడ్డు తినవే. ఇయ్యాల స్క్రమ్ ప్రాక్టీసు."

జగదీష్ రగ్బీ ఆటగాడు. కౌలాలంపూర్‌లో జీతమిచ్చి ఆడించుకునే ఒక క్లబ్బులో ఏళ్ళ తరబడి ప్రాప్. రగ్బీ చూడనివాళ్ళకి ఒక్క ముక్క చెప్పాలి. ఆ ఆటలో స్క్రమ్ అని ఒకటుంది. ఇటు ఎనిమిదిమంది, అటు ఎనిమిదిమంది వంగి, తలలు కలిపి పొట్టేళ్ళలా తోసుకుంటారు. ముందు వరసలో చివర ఉండేవాడు ప్రాప్. వెనకవాళ్ళ తోపూ, ఎదుటివాళ్ళ తోపూ వాడి మెడ మీదే. పాయింట్లు తెచ్చేవాళ్ళ పేర్లు పేపర్లో పడతాయి. ప్రాప్ పేరు మెడకి కాపడం పెట్టేవాడికి తప్ప ఎవరికీ గుర్తుండదు.

అలాంటి ఉద్యోగానికి బరువు కావాలి. జగదీష్ ఎంత తిన్నా వాడికి ఒళ్ళు పట్టదు. ఆ వంశంలో మగాళ్ళందరూ అంతే. చిన్నప్పటి నుంచీ వాళ్ళమ్మ మరిడమ్మ తింటే వాడు బరువెక్కేవాడు. పెళ్ళి భోజనాల్లో మరిడమ్మ తన అరిటాకులోంచి ఒక ముద్ద తీసి కోడలి నోట్లో పెట్టి, "ఇకనుంచి నువ్వు తినమ్మా, నా పళ్ళు కదిలిపోనాయి" అంది. ఆ పూట నుంచి ఆ పని నంతినిది. క్లబ్బులో ఆహారం సంగతి చూసే ఆవిడ కూడా నంతినికే ఫోను చేసి ఏమేం తినాలో చెప్పేది. మాచ్ ఉన్న వారం నంతిని పనిచేసే ఆఫీసులో పిల్లలు ఆమె బల్ల మీద నాసి లెమాక్ కొబ్బరన్నం పొట్లాలు పెట్టి, "మనం గెలవాలి లా" అని అక్కడి యాసలో అనేవాళ్ళు. నంతిని మాత్రం చీపురుపుల్లలా ఉండేది. "నిన్న పెళ్ళి భోజనానికి వెళ్ళొచ్చాను, మా ఆయనకి ఒక సైజు పెద్ద చొక్కా ఇవ్వండి" అంటే షాపువాడు మారుమాట లేకుండా ఇచ్చేవాడు.

వాళ్ళకున్న లోటల్లా పిల్లలే. పెళ్ళయి ఏడేళ్ళయింది. డాక్టర్ల దగ్గరికి తిరిగారు, మొక్కులు మొక్కారు, ఆ తర్వాత ఆ మాట ఎత్తడం మానేశారు. మానేశారంటే మరిచిపోయారని కాదు.

ఈ సీజను చివర్లో జగదీష్ తేలికపడసాగాడు. మొదట జెర్సీ వదులైంది. తర్వాత సెమీఫైనల్లో అవతలివాళ్ళు ఒక్క తోపు తోసేసరికి కాళ్ళు నేల విడిచి, సోడాబుడ్డి మూతలా స్క్రమ్‌లోంచి పైకి లేచిపోయాడు. ఎలాగో మాచ్ గట్టెక్కింది గానీ కోచ్ జమాల్ మొహం మాడిపోయింది.

"జగా, నీకు ముప్పై నాలుగేళ్ళు. వచ్చే ఏడాది నిన్ను ఉంచుకోవాలో వద్దో ఫైనల్లో తేలుస్తాను. ఇంట్లో ఆవిడ సరిగ్గా తింటోందా లేదా?"

అదే ప్రశ్న జగదీష్ ఇంటికి మోసుకొచ్చాడు. "నంతినీ, తినడం మానేసినావేటి?"

"మానేయడమేటి? మధ్యాహ్నం రెండు ప్లేట్లు మీ గోరెంగ్ నూడుల్స్ తిన్నాను."

"మరదంతా ఎక్కడికి పోతంది?"

నంతిని కంచం పక్కకి నెట్టేసింది. "నన్నడిగితే? ఆకలున్నా లేకపోయినా ఏడేళ్ళుగా నీ కోసం తింతన్నాను బావా. ఒక్కరోజైనా నీకేటి తినాలనుందే అని అడిగినావా?"

జగదీష్ నిజంగానే అడగలేదు. అంత పెద్ద మనిషీ సిగ్గుతో కుంచించుకుపోయాడు. మెల్లగా, "నీకేటి తినాలనుంది?" అన్నాడు.

ఆమె కళ్ళు తుడుచుకుంది. "పుల్లగా ఏదైనా. కెడొండొంగ్ కాయలు, ఉప్పూ కారం అద్దుకుని."

వెంటనే మార్కెట్టుకి పరిగెత్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఆ పుల్లకాయల సంచీ చేతిలో ఉంది గనక సరిపోయింది, లేకపోతే గాలికి పక్క వీధిలో తేలేవాడు.

తెలుక్ ఇంటాన్‌లో చెల్లెలింటికి పోయిన మరిడమ్మ మర్నాడు బస్సు దిగి వచ్చేసరికి, కోడలు కాయలు కొరుకుతోంది, కొడుకు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. వాడి కాళ్ళకీ నేలకీ మధ్య చీమ దూరేంత సందుంది. మరిడమ్మ సంచీ కింద పడేసి పకపకా నవ్వింది.

"నా బరువు పోయి నేనేడుస్తంటే నవ్వుతావేటమ్మా?"

"ఓరి పిచ్చోడా! నువ్వు నా కడుపులో పడ్డప్పుడు మీ అయ్యా ఇలాగే అయిపోనాడు. తోటలో పామాయిలు గెలలు మోసేవోడు గదా, గెల దించితే ఎగిరిపోతాడని నడుముకి తాడు కట్టినాను. ఇద్దరు పంచుకుంతన్న తిండి మూడోవోడికెలా సాలతాదిరా?"

నంతిని చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. సాయంత్రానికి డాక్టరు కూడా అదే మాట చెప్పింది. ఇంటికి రాగానే నంతిని ఆనందం పట్టలేక మొగుణ్ణి రెండు చేతులా ఎత్తి గిర్రున తిప్పింది.

"ఒసే, బరువులెత్తకూడదే!" అని మరిడమ్మ కేక పెట్టింది.

"బరువెక్కడుందత్తా?"

ముగ్గురూ నవ్వారు, ముగ్గురూ ఏడ్చారు. తర్వాత నంతిని, "ఫైనల్ దాకా రెండింతలు తింటాను బావా" అంది.

"వద్దు. ఇప్పుడు నువ్వు తినేది నీకూ బిడ్డకీ. ఉద్యోగం పోతే పోనీ." గట్టిగానే అన్నాడు గానీ, తోయడం తప్ప వాడికి ఇంకో పని రాదు.

ఫైనల్ రోజున జమాల్ వాణ్ణి బయట బల్ల మీద కూర్చోబెట్టాడు. ఎగరకుండా ఒళ్ళో నీళ్ళ సీసాల పెట్టె పెట్టాడు. ఆట చివర్లో క్లబ్బు నాలుగు పాయింట్లు వెనకబడి ఉండగా ఒక ప్రాప్ మోకాలు బెణికింది. ఇంకెవరూ లేక జమాల్ తల పట్టుకుని జగదీష్‌ని పంపాడు. అవతలివాళ్ళ గోలు గీతకి దగ్గర్లో లైనవుట్ వచ్చింది. అంటే మైదానం పక్క గీత బయట నుంచి బంతి విసురుతారు, ఒకణ్ణి ఇద్దరు పైకెత్తితే వాడు అందుకోవాలి. ఇన్నేళ్ళూ ఎత్తడం జగదీష్ వంతు.

"ఇయ్యాల నన్నెత్తండిరా" అన్నాడు.

ఎత్తారు. ఎత్తినవాళ్ళ చేతులు దాటి ఇంకా పైకి పోయాడు. బంతి అందుకున్నాడు. అక్కణ్ణుంచి నంతిని కనిపించింది, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని ఇంకో చెయ్యి ఊపుతోంది. గాల్లో ఉన్నవాణ్ణి ముట్టుకోకూడదని రగ్బీలో రూలుంది. జగదీష్ నింపాదిగా కిందికి దిగుతుంటే అవతలి పదిహేనుమందీ మెడలెత్తి ఎదురుచూశారు, రిఫరీ కూడా. ఆ సందులో వాడు బంతిని తమ జట్టు విక్నేష్‌కి జారవిడిచాడు. పొట్టి విక్నేష్ ఎవరి కంటా పడకుండా పక్కనుంచి పరిగెత్తి గోలు గీత అవతల పెట్టేశాడు. దానికి ఐదు పాయింట్లు.

కప్పు గెలిచినా జమాల్ మెత్తబడలేదు. "సంతోషం లా. కానీ రోజూ గాల్లో ఆడే ప్రాప్‌ని ఏం చేసుకోను? కొత్త సీజను మొదలయ్యేలోగా నీ బరువు నీకొస్తే సంతకం పెట్టిస్తాను. రాకపోతే ఇంతే."

"వస్తాదా అమ్మా?" అని అడిగితే మరిడమ్మ, "మీ అయ్యకి వచ్చింది. అందరికీ వస్తాదని నేనెలా సెప్పగలను నాయనా?" అంది. ఆ నెలలన్నీ జగదీష్ జేబుల్లో గులకరాళ్ళు పోసుకుని తిరిగాడు. రోజూ పొద్దున్నే నంతినిని ఏం తింటావని అడిగి, అదే వండాడు. మిషను మంచం కిందకి పోయింది.

నొప్పులు వచ్చాయి. ఆసుపత్రిలో నంతినిని లోపలికి తీసుకుపోయి చాలాసేపయింది. జగదీష్ వరండాలో ప్లాస్టిక్ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. కాంట్రాక్టూ జమాలూ వాడి మనసులో లేరు. నంతిని బాగుంటే చాలు, తను గాలికి కొట్టుకుపోయినా ఫరవాలేదు అనుకున్నాడు. పక్కన మరిడమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటోంది.

అప్పుడు అరికాళ్ళు నేలకి ఆనాయి. తొడలు నిండాయి. భుజాలు కిందికి దిగాయి. ఫెళ్ళుమని కుర్చీ నాలుగు కాళ్ళూ విరిగి, జగదీష్ నేల మీద చతికిలబడ్డాడు.

మరిడమ్మ కళ్ళు తెరవకుండానే, "పుట్టేసింది" అంది.

తలుపు తీసుకుని నర్సు వచ్చింది. విరిగిన ముక్కల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడుస్తున్న ఆ భారీ మనిషిని చూసి, "ఆడపిల్ల. ఇద్దరూ బాగున్నారు. మీ ఆవిడ ఆకలేస్తోందంటోంది" అని చెప్పింది.

జగదీష్ మొహం తుడుచుకున్నాడు. "ఏటి తినాలనుందో అడిగినారా?"