అందరిదీ ఓ పాజిటివే

నలభై మూడు మందిలో ఒక్కరి లెక్కే కుదరలేదు. ఆ ఒక్కరు మా నాయన.

నేను నంద్యాలలో ఫిజియాలజీ పీజీ చేస్తున్నాను. రక్తం గ్రూపుకీ, గుండె కొట్టుకునే తీరుకీ సంబంధం ఉందా అన్నది నా థీసిస్. మంచి గుండె గడియారంలా కొట్టుకోదు. ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య వ్యవధి కాస్త అటూ ఇటూ అవుతూనే ఉంటుంది. ఆ తేడా బొత్తిగా లేకపోతే షుగరో, గుండెజబ్బో అనుమానించాలి. 'ఓ' గ్రూపు రక్తం వాళ్లలో తేడా ఎక్కువుంటుందేమోనని మా గైడు చెన్నకేశవులు సారు ఊహ. ఆ ఊహ నిజం కావాలని నాకు ఆయనకంటే ఎక్కువ ఆశ.

మా నాయన జీవరత్నం ఆళ్లగడ్డలో ఆటో నడుపుతాడు. మూడు నెలల కిందట ఓ ఆదివారం ఆరాధన అయ్యాక, స్టాండులోని డ్రైవర్లందరినీ ఆయనే చర్చి హాల్లో కూర్చోబెట్టాడు. ఒక్కొక్కరి ఛాతీకి బెల్టు కట్టి ఐదేసి నిమిషాలు కొలిచాను. సూది గుచ్చితే లేచిపోతారని, రక్తం గ్రూపు లైసెన్సుల మీద చూసి రాసుకున్నాను. పెద్ద తెలివనుకున్నాను!

నలభై మందిది ఓ పాజిటివ్, తక్కిన ముగ్గురిదే వేరే. అందరి గుండెలూ చక్కగా ఉన్నాయి. నాయనది మాత్రం అచ్చం గోడ గడియారం. ఆయన లైసెన్సు మీదా ఓ పాజిటివే ఉంది కాబట్టి, బెల్టు జారి ఉంటుందని ఆ లెక్క కొట్టేశాను.

"నా గుండె ఎట్లుందిమ్మా?" అని అడిగాడు.

"మిషను తప్పు చూపించింది నాయనా. నీ గుండె గట్టిది" అన్నాను.

మొన్న సారు కాగితాలు చూసి కళ్లద్దాలు తీశారు. "నలభై మూడు మందిలో నలభై మందిదీ ఓ పాజిటివేనా? ఎవరు పరీక్ష చేశారు?"

మర్నాడు పొద్దున్నే సూదులు, గ్రూపు తేల్చే మందు చుక్కలు పట్టుకుని ఆళ్లగడ్డ స్టాండుకు వెళ్లాను. మొదట డ్రైవరు గురుస్వామి అన్న వేలు గుచ్చాను. ఆయనది 'ఏ' గ్రూపు. రెండో ఆయనది బి. మూడో ఆయనది మళ్లీ ఏ.

గురుస్వామి అన్న పగలబడి నవ్వాడు. "లైసెన్సు చూసి రాసుకున్యావా పాపా? ఆ గడి ఖాళీగుంటే ఫారం ఎనక్కొస్తాదని మా బ్రోకరు అందరికీ ఓ పాజిటివే రాస్తాడు. మా రక్తం ఎవురు చూసినారు?"

నాయన వేలూ గుచ్చాను. ఆయనది బి.

ఏ కారణంతో ఆయన లెక్క కొట్టేశానో ఆ కారణమే అబద్ధం. బెల్టు తడిపి, బిగించి కట్టి మళ్లీ కొలిచాను. మళ్లీ అదే గడియారం. జారింది బెల్టు కాదు, నా బుద్ధి.

"నాయనా, నీకు ఒంట్లో ఏమన్నా అయితాందా?"

"మిద్దె మెట్లెక్కితే ఎదలో పట్టేస్తాంది. రెండు నెల్లయింది."

"మరి చెప్పలేదేం?" అని అరిచాను. స్టాండంతా ఇటు తిరిగింది. ఆయన జేబులోంచి ఆటో తాళం లాక్కుని, చెయ్యి పట్టుకుని నంద్యాల బస్సు వైపు నడిపించాను.

నాయన బిత్తరపోయి నా ముఖం చూశాడు.

"ఏందిమ్మా, ఇట్లయితివి? గుండె గట్టిదని నువ్వే అంటివి గదా. ఇంగ భయమేందని ఊరకుంటి."